మూత తీసే ముందు

మొన్న ఆదివారం, ముంబై పక్కన మా భివండిలోనే, కనేరిలో ఉన్న మా మేనల్లుడి ఇంటికి భోజనానికి పోయాను. వాడి కూతురికి నాలుగేళ్ళు. ఈ మధ్యనే మరాఠీ బాల్వాడీలో వేశారు. అందరం చాప మీద కూర్చున్నాం. కోడలు అన్నం గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. నేను ఆకలి మీద ఉండి, మర్యాద మరిచి, మూత మీద చెయ్యి వేశాను. పిల్ల నా మణికట్టు పట్టుకుని లాగేసింది. "తాతా, థాంబా! హాత్ జోడ్!" అని, ఆగి చేతులు జోడించమని ఒకటే అరుపు. బడిలో డబ్బా విప్పే ముందు టీచరు శ్లోకం చదివిస్తుందట, అది అయ్యేదాకా ఇంట్లో కూడా ఎవరూ ముద్ద ముట్టకూడదట. సరే, చేతులు జోడించాం. పిల్లను చూడటానికి ఊరినుంచి వచ్చిన మా బావ, అంటే దాని తాత, డెబ్భై ఏళ్ళ మనిషి, ఆయన కూడా కళ్ళు మూసుకున్నాడు. పిల్ల మధ్యలో ఒక ముక్క మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. పప్పు చల్లారిపోయింది. అంతా అయ్యాక బావ మురిసిపోతూ, "జూసినవా బామ్మర్దీ, గింతంత పోరికి ఎంత భక్తో!" అన్నాడు. మేనల్లుడు తల వంచుకుని చారు పోసుకున్నాడు. ఇంటికొచ్చి చెప్పులు ఎవరు అడ్డంగా విడిచారని మా ఆవిడ మీద ఎగిరాను. ముప్పై ఏళ్ళుగా నన్ను భరిస్తున్న మనిషి కదా, "వదిన యాదికొచ్చిందా?" అని అడిగి మంచినీళ్ళిచ్చింది.

వదిన అంటే తోడబుట్టిన అన్న భార్య కాదు. గైబీ నగర్లో మా కిరాణా దుకాణానికి, ఆమె బిస్సీకి మధ్య ఒకటే గోడ. సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపే పనివాళ్ళు నెలకింత అని కట్టి రెండుపూటలా తినే చోటును భివండిలో బిస్సీ అంటారు. ఆమె పెనిమిటి సాంచాలు బాగుచేసే జాబర్. మా పక్క ఊరివాడే, నేను అన్నా అనేవాణ్ణి, అందుకని ఆమె వదిన. దూది దుమ్ము మింగి మింగి ఆయన దమ్ముతో పోయాడు. పిల్లలు లేరు. అయినవాళ్ళు ఊరికి రమ్మన్నారు. "ఆడికి పోయి ఏం జెయ్యాలె? ఊరు బయట గుడిసెల గూసోవాల్నా?" అని, ఇద్దరూ కిరాయికున్న గదిలోనే, ఆ ఖోలీలోనే పొయ్యి పెట్టింది. ఊరు బయట అని ఆమె అన్నది మాట వరసకు కాదు. ఆమెది ఊరికి అవతలి వాడ. ఆ వాడ మనిషి వండితే మా ఊళ్ళలో ఎవరూ తినరు, టీ హోటల్లో ఆ వాడవాళ్ళకు గ్లాసు వేరే పెట్టిన రోజులు నేను కళ్ళతో చూశాను. భివండిలో మాత్రం అందరూ తిన్నారు. పొద్దంతా సాంచాల ముందు నిలబడి కాళ్ళు వాచినవాడికి వేడన్నం ఎవరు వండారన్న ఆలోచన రాదు. రాదు అనడం తప్పు, వస్తుంది, కాని నోరు విప్పడు. ఏ వాడో అందరికీ తెలుసు, తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఈ ఊళ్ళో మాకు దొరికిన పెద్ద సుఖం అదొక్కటే అని నేను అనుకునేవాణ్ణి.

ఆమె క్రైస్తవురాలు. ఆదివారం బస్సెక్కి కల్యాణ్ దాకా పోయి తెలుగు చర్చిలో పాటలు పాడి వచ్చేది, వచ్చేటప్పుడు నాకు శెనగలు తెచ్చేది. ఆ మతం గురించి నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. నేనే ఉండబట్టలేక ఒకసారి అడిగాను, "మీ దేవుడు ఏం చెప్తడు వదినా?" అని. ఆమె చింతపండు పిసుకుతూ, "పక్కింటోడు మంచోడా చెడ్డోడా అని అడగడు మరిదీ. తిన్నడా లేదా అని అడుగుతడు, గంతే," అంది. మా దుకాణంలో వేలాడే నలుగురు దేవుళ్ళలో ఎవరూ నన్ను ఇంత తేలికైన ప్రశ్న అడగలేదు, అంత కష్టమైందీ అడగలేదు.

బిస్సీలో ఒక పద్ధతి ఉండేది. అన్నం గుండిగ మూత మీద చెయ్యి పెట్టి వదిన ప్రార్థన చేసేది. అది అయ్యాక ఎవరో ఒకరు "ఆమెన్" అనాలి, అప్పుడు మూత తీసేది. మొదట్లో ఇద్దరు క్రైస్తవ పిల్లగాండ్లు తినేవాళ్ళు, ఆ మాట వాళ్ళే అనేవాళ్ళు. ఆమెన్ ఎంత తొందరగా పడితే అన్నం అంత తొందరగా పడుతుందని మిగతావాళ్ళు రెండో రోజే కనిపెట్టారు. ఆ తర్వాత అందరూ అనడమే. సగం ప్రార్థనలోనే ఆకలికి ఆగలేనివాడెవడో "ఆమెన్!" అని తొందరపెట్టేవాడు. "ఇంక గాలే, ఆగు!" అని ఆమె కళ్ళు మూసుకునే కసిరేది.

ఇక ఆ ప్రార్థన అరుపే. సాంచాల మధ్య పదేళ్ళు చేసినవాడికి మామూలు మాట చెవికెక్కదు. భివండిలో మొగుడూపెళ్ళాలు రహస్యం మాట్లాడుకుంటే గల్లీ చివరిదాకా తెలుస్తుంది. అందుకని వదిన దేవుణ్ణి కూడా సాంచాల మీద నిలబడ్డ మనిషిని పిలిచినట్టే పిలిచేది. గోడ ఇవతల పప్పులు తూస్తూ నేను రోజూ వినేవాణ్ణి. "ప్రభువా, ఇయ్యాల పప్పుల ఉప్పు జర ఎక్కువైంది, నీ బిడ్డలకు ఓర్పియ్యి. ప్రభువా, గా మూల కూసున్న పిల్లగాడు నెల దినాలాయె ఇంటికి ఫోన్ జెయ్యలే, ఆని మనసు మలుపు. సేట్లకు మంచి బుద్ధియ్యి తండ్రీ, గాళ్ళు గూడ నీ పిల్లలే, తెల్వక గట్లున్నరు." ఎవడి వేలు సాంచలో పడిందో, ఎవడి పెండ్లానికి నెలలు నిండాయో, ఎవడు తాగి వచ్చాడో, గల్లీ సమాచారమంతా ఆ మూత మీదే చదివేది. తాగినవాడు తలెత్తేవాడు కాదు. పొద్దున రాత్రిపాళీ దిగి వచ్చినవాళ్ళు మాత్రం గోడకు వరసగా ఆనుకుని, చేతులు ముందు కట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవాళ్ళు. చూసినవాడికి ఎంత భక్తో అనిపిస్తుంది. నిలబడే నిద్రపోతున్నారని మాకు తెలుసు. ఆమెన్ అన్న కేకకు ఉలిక్కిపడి లేచి, తామూ ఒక ఆమెన్ వేసి, పళ్ళెం అందుకునేవాళ్ళు. ఎదురింట్లో ముసలి చాచా ఉండేవాడు, నమాజు చేసుకుని గడపలో బీడీ కాల్చుకునేవాడు. ఆ కేక వినపడితే ఆయన కూడా అక్కడినుంచే "ఆమీన్" అనేవాడు. మంచి మాట ఎవరిదైతేనేం అని ఆయన వాదన.

లాక్‌డౌన్ వచ్చింది. సాంచాలు ఆగిపోయాయి. నేను పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్ళో అంత నిశ్శబ్దం వినలేదు, పిల్లలు భయపడి ఏడ్చారు. సేట్లు ఫోన్లు ఎత్తడం మానేశారు. పోగలిగినవాళ్ళు నడిచి పోయారు, పోలేనివాళ్ళు మిగిలారు. మిగిలినవాళ్ళకు వదిన వండింది. బియ్యం నా దుకాణంలోవి, గుండిగలు చాచా ఇంట్లోవి, కట్టెలు విరిగిన సాంచాల చెక్కలు. నేను గొప్ప చెప్పుకోవడం లేదు, పక్కగోడ అవతల ఆమె చెయ్యి ఆగకుండా తిరుగుతుంటే ఇవతల బస్తాల మీద కూర్చోవడం ఎవరి తరం? మా మేనల్లుడు కూడా ఆ మిగిలినవాళ్ళలో ఒకడు. అప్పటికి మూడేళ్ళుగా అక్కడే తింటున్నాడు. మా ఇంట్లో తినరా అంటే, "అత్త వంట సప్పగుంటది మామా," అని మా ఆవిడ ముందే అనేవాడు. వాడికి జ్వరం వచ్చి అందరూ దూరం జరిగిన వారం రోజులూ గంజి కాచి తాగించింది వదినే. మేము అందరం మూతులకు గుడ్డలు కట్టుకుని గుమ్మం బయట నిలబడ్డాం, నేనూ నిలబడ్డాను. ఆమె లోపలికి పోయింది.

సాంచాలు మళ్ళీ మొదలయ్యాక వాడికి ఊళ్ళో సంబంధం కుదిరింది. పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, అందరం పోయాం. పిల్ల తరఫువాళ్ళు ఉన్నవాళ్ళు, షామియానా వేసి బంతులు పెట్టారు. పెండ్లికొడుకు కనుక మావాణ్ణి మొదటి బంతిలో, పిల్ల పెద్దనాయిన పక్కన కూర్చోబెట్టారు. ఒక రాత్రి పాళీ చేసి, మరో రాత్రంతా బస్సులో కూర్చునే వచ్చాడు, కళ్ళు మూతలు పడుతున్నాయి. వడ్డించేవాడు పెద్ద గుండిగ తెచ్చి ఎదురుగా దించి మూత మీద చెయ్యి వేశాడు. అంతే. మావాడు కళ్ళు మూసుకుని, సాంచాల మధ్య అరిచే గొంతుతో, "ఆమెన్!" అన్నాడు.

షామియానాలో వందమంది ఉంటారేమో, ఆకుల్లో చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నాకు నవ్వొచ్చింది. ఇప్పటికీ ఆ క్షణం వరకు తలుచుకుంటే నవ్వే వస్తుంది. ఎవరో ఒకరు నవ్వేస్తే అయిపోయేది. కాని కాలం ఎట్లాంటిదంటే, ఆ మధ్యనే ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి ఎవరు ఏ దేవుణ్ణి మొక్కుతున్నారో విచారించేవాళ్ళు బయలుదేరారు, ఒక ప్రార్థన పాక మీద రాళ్ళు పడ్డాయి. పిల్ల పెద్దనాయిన కండువా సర్దుకుని, "ఏంది బాబూ, చర్చికి పోతున్నవా?" అని మెల్లగా అడిగాడు. "లేదు, మా బిస్సీల అట్లనే అంటం," అన్నాడు వీడు నిద్రమత్తులో. "బిస్సీ ఎవలది?" వీడు చెప్పాడు. ఆమె పెనిమిటి పేరు, ఊరు, వాడతో సహా చెప్పాడు. అప్పటిదాకా ఆమెన్ గురించి గుసగుసలాడినవాళ్ళు ఆ మాటే మరిచిపోయారు. "వాళ్ళ చేతి కూడా? నాలుగేండ్ల సంది?" అన్నాడు పెద్దనాయిన. ఆయన ఆకు ముందునుంచి లేవడం చూసి ఒక్కొక్కరే లేచారు. భివండిలో ఎవరూ అడగని ప్రశ్న అక్కడ ఒక్కడు అడిగేసరికి అందరికీ జవాబు అవసరమైంది.

సంబంధం నిలవాలంటే మావాడు తెలియక మోసపోయినట్టు తేలాలి. బావ అదే వారం భివండికి వచ్చాడు. తెలుగువాళ్ళ హాల్లో మా కులపెద్దల ముందు పంచాయితీ పెట్టించాడు. నేను బావ చేతులు పట్టుకుని చెప్పాను, వాణ్ణి బతికించిన మనిషి ఆమె అని. "బతికిచ్చిందని పెండ్లి ఆపుకోవాల్నా?" అన్నాడు. వదినను పిలిపించి గోడ పక్కన నిలబెట్టారు. కుర్చీలు చాలా ఉన్నాయి.

మేనల్లుణ్ణి లేపి అడిగారు. వాడు వదిన వైపు చూడకుండా, "ఆమెన్ అనకుంటే మూత తియ్యకపోయేది," అన్నాడు.

ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అదే నా బాధ. అబద్ధమైతే నిలదీసేవాణ్ణి. అక్కడ తినే మిగతావాళ్ళను కూడా ఒక్కొక్కరినే అడిగారు, "అనకుంటే మూత తియ్యకపోయేదా?" అని. "నిజమే, తియ్యకపోయేది," అన్నారందరూ. ఒకడు ధైర్యం చేసి, "మేం నిద్రవోతుంటిమి, మాకేం తెల్వది," అన్నాడు, దాంట్లోనూ అబద్ధం లేదు. ఎవరో ఫోన్లో తీసిన బొమ్మ కూడా చూపించారు: గోడ వెంట వరసగా చేతులు కట్టుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డ మనుషులు. ఇది నిద్ర అని నేను అరిచాను. "ఇన్నొద్దులు ఎవల అన్నం తిన్నరో అది గూడ అడుగుండ్రి!" అన్నాను. వెనకనుంచి ఒకడు, "బియ్యం బేరం పోతదని కిరాణా అన్న బాధ," అన్నాడు. హాలంతా నవ్వింది. షామియానాలో రావలసిన నవ్వు అక్కడ వచ్చింది.

కులపెద్ద మంచివాడే. మంచివాడని ఊళ్ళో పేరు. మెత్తగా చెప్పాడు: "సూడమ్మా, నిన్ను ఎల్లగొట్టాలని ఎవలకూ లేదు. బిస్సీ నీదే. నీ ప్రార్థన నువ్వు మనసుల జేసుకో. వంటకు మాత్రం మనోళ్ళను ఒకలను పెడుదాం. నువ్వు బయట గూసోని బాగోగులు సూసుకో. పోరగాండ్ల పెండ్లిళ్ళు గావాలె గదా?"

వదిన ఎంత గట్టిగా మాట్లాడే మనిషో, ఆ రోజు అంత మెల్లగా మాట్లాడింది. సాంచాల వాళ్ళు ముందుకు వంగి చెవులొగ్గవలసి వచ్చింది. "ప్రార్థన మనసుల చేసుకోమంటె చేసుకుంట అన్నా. దేవునికి చెవుడు లేదు, మీ కోసమే ఒర్రిన. వంట ఎందుకిడువాలె? నా చేతులు ఇయ్యాల కొత్తగ మొలవలే గదా," అంది.

ఖోలీ యజమానికి కబురు పోయింది. ఆయన ఏ మతమైతేనేం, లఫ్డా, గొడవ అంటే భయపడే మనిషి. నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు.

ఆఖరి రోజు వదిన ఎప్పటిలాగే వండింది. ఎప్పటిలాగే అంటే గుండిగ నిండా. నేను వద్దన్నాను. "వస్తరేమో," అంది. పాళీ దిగినవాళ్ళు వచ్చారు, కాని మా దుకాణం దాకానే. బిస్కట్లు కొనుక్కుని అక్కడే నిలబడి నములుతున్నారు, లోపలికి అడుగు పడదు. ఆకలి ఆ వాసన దగ్గర నిలబెట్టింది, భయం గడప దగ్గర ఆపింది. మా మేనల్లుడు వాళ్ళ వెనక ఉన్నాడు. నేను గల్లా మూసి మా ఆవిడను పిలుచుకుని లోపలికి పోయి చాప మీద కూర్చున్నాను. ఇద్దరమే. వదిన మూత మీద చెయ్యి పెట్టింది. ఆ రోజు మళ్ళీ పాత గొంతు ఎత్తింది, గోడలు అదిరాయి. ఒక్కణ్ణీ వదలలేదు. ఫలానావాడి బిడ్డకు పరీక్షలున్నాయి, ఫలానావాడికి నడుం నొప్పి, ఫలానావాడికి అప్పటికీ ఇంటికి ఫోను చేసే బుద్ధి రాలేదు. చివరన మా మేనల్లుడి పేరు చెప్పి, "ఆని లగ్గం మంచిగ గావాలె తండ్రీ, పిల్ల ఆన్ని అర్థం జేసుకోవాలె," అంది. బయట బిస్కట్లు నమిలే చప్పుడు ఆగింది. ఆమెన్ కోసం ఆమె ఆగింది. మేమిద్దరం అన్నాం. నలభై గొంతులు అనే మాట రెండు గొంతులు అంటే ఎంత చిన్నదో ఆ రోజు తెలిసింది. ఎదురింటి చాచాకు వినపడలేదు. ఆమె మూత తీసి మాకు వడ్డించింది. మిగిలిన అన్నం ఏం చేసిందో నేను అడగలేదు.

లగ్గం మంచిగానే అయింది. బిస్సీ ఉన్న ఖోలీలో ఇప్పుడు ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. పనివాళ్ళు వేరే బిస్సీలో తింటున్నారు, అక్కడ ఎవరు వండుతున్నారో ఎవరికీ తెలియదు, మళ్ళీ ఎవరూ అడగడం లేదు.

వదిన భివండి బయట కాల్హేర్‌లో ఒక గోదాంలో డబ్బాలకు టేపు అంటించే పని చేస్తోంది. మొన్నటి ఆదివారం భోజనం నాకు అరగక, బుధవారం దుకాణం మూసి చూడటానికి పోయాను. లారీల మధ్య టీ బండి దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. సన్నబడింది. అక్కడ డబ్బాలతో మాట్లాడాల్సిన పని లేదు కనుక గొంతు కూడా తగ్గింది. ఆమె ముందు మా ఆవిడ మోకాళ్ళ గురించి అడిగింది, చాచా గురించి అడిగింది. తర్వాత, "పిల్ల పుట్టిందట గదా ఆనికి. పేరేం పెట్టిండ్రు?" అంది.

నాకు కోపం ఆగలేదు. "ఆని పిల్ల పేరు నీకెందుకు వదినా? ఒక్కసారన్న నీ మొకం జూడనీకి వచ్చిండా?" అన్నాను.

"పేరు దెల్వకుంటె ప్రభువును ఎట్లడుగుతరు మరిదీ?" అంది, అదొక మామూలు ఇబ్బంది అన్నట్టు. "నాలుగేండ్ల సంది 'ఆని బిడ్డ' అనే అడుగుతున్న. మంచిగనిపిస్తలేదు."

పేరు చెప్పాను. ఆమె పెదవులతో ఒకసారి అనుకుని గుర్తుపెట్టుకుంది. గోదాంలో గంట కొట్టారు, కొంగు బిగించి లోపలికి పోయింది. ఆమె క్షమించింది, అది ఆమె దేవుడికీ ఆమెకూ ఉన్న ఒప్పందం, నాకు అట్లాంటి ఒప్పందం ఎవరితోనూ లేదు. తిరుగు బస్సులో బావ ఫోన్ చేశాడు. ఎక్కడికి పోయావంటే చెప్పాను. "అయిపోయిన ముచ్చట బామ్మర్దీ, కాలమే అన్నీ మరిపిస్తది," అన్నాడు. కాలం ఏదీ మరిపించదు. మరిచిపోయే పని మనమే ఓపిగ్గా, రోజుకు కొంచెం చేసుకుంటాం, చేసి కాలం మీద పెడతాం, అది నోరులేనిది కనుక ఊరుకుంటుంది.